గుడ్డ పీలిక

తెల్లవారుజామున నాలుగున్నరకు యాకమ్మ లేవకపోతే మానుకోటలో పొద్దు పొడవదని వీధిలో వాళ్లు ఎగతాళి చేస్తుంటారు. చేస్తే చేయనీ. ఆమె లేస్తుంది, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతుంది, మోకరించి ప్రార్థన చేసుకుంటుంది, ఆ తర్వాతే పొయ్యి మీద టీ గిన్నె పెడుతుంది. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా నోటితో మానుకోట అనే పిలిచే ఆ ఊళ్లో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో, ఇరవై ఏళ్లకు పైగా ఇదే వరస.

ఆ మంగళవారం కూడా అంతే. ఎనిమిదయ్యేసరికి ఉప్మా చల్లారిపోయింది, అబ్రహాం రెండో టీ కూడా తాగేశాడు. లోపలి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ గదిలో వాళ్ల ఒక్కగానొక్క కూతురు జ్యోత్స్న, ఐదు నెలల పసిదాన్ని పక్కలో వేసుకుని నిద్రపోతోంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. ఇవాళ భర్త, అత్తగారు భూపాలపల్లి నుంచి వచ్చి తీసుకుపోవాలి. తీసుకుపోతారో, లేక ఇంకొన్నాళ్లు మీ దగ్గరే ఉంచుకోండి అని మర్యాదగా వదిలేసి పోతారో, యాకమ్మకు అదే దిగులుగా ఉంది.

అబ్రహాం రైల్వేలో పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి. ఎవరి జోలికీ పోడు, కానీ ఏదీ ఆయన కంట పడకుండా పోదు. టీ గ్లాసు కింద పెట్టి భార్య వైపు చూశాడు.

"నాలుగైదు దినాల సంది ఆ తలుపు మీద కొట్టుడు బంద్ చేసినవ్. ఏమైందే నీకు?"

"ఏం కాలే. బాలింత గద, జర పండుకోనియ్యి."

పిల్ల పుట్టిన నెలలోపే అదే తలుపు మీద గరిటెతో కొట్టి లేపిన మనిషికి ఇప్పుడు బాలింత గుర్తొచ్చిందంటే లోపల ఏదో ఉందని అబ్రహాంకు తెలుసు.

నిద్ర సుఖమెరగదంటారు గానీ, జ్యోత్స్న నిద్ర వేళే ఎరగదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఊరు సద్దుమణిగే వేళకు దాని కళ్లు విచ్చుకుంటాయి, కోడి కూసే వేళకు మూతలు పడతాయి. బడిలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోతే సారు నిలబెట్టేవాడు, నిలబడి కూడా తూగేది. నర్సింగు చదివి ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం తెచ్చుకుంటే పొద్దుటి డ్యూటీకి వరుసగా ఆలస్యమై నలభై రోజులకే ఇంటికి వచ్చేసింది. పెళ్లి చేసి పంపితే అక్కడ మొగుడు కల్యాణ్ బొగ్గు గనిలో మొదటి షిఫ్టు. ఐదున్నరకల్లా డబ్బా కట్టి ఇవ్వాలి.

పాపం, ఆ పిల్ల ప్రయత్నం చేయలేదని ఎవరూ అనలేరు. ఫోనులో మూడు అలారాలు పెట్టుకునేది. అసలు పడుకోకుండా ఉంటే సరిపోతుంది కదా అని గోడకు ఆనుకుని కూర్చునేది. తీరా నాలుగు గంటలకు అన్నం పొయ్యి మీద పెట్టి, ఆ పొయ్యి ముందరే తల వాల్చేసేది. ఒకనాడు గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మితే పక్కింటి వాళ్లు తలుపు బాదారు. ఆ తర్వాత కాలనీలో ఆమెకు నిద్రమొహంది అని పేరు పెట్టారు. ఆ పేరు పుట్టింటి దాకా వచ్చింది.

ఇక యాకమ్మ చేసిన వైద్యం సంగతి చెప్పాలంటే, చెంబుతో నీళ్లు, చింత బరిగె, చీపురు కట్ట. పిల్లకు పదేళ్లున్నప్పటి నుంచీ పొద్దున్నే ఆ ఇంట్లో వినిపించే మాట ఒక్కటే, సోమరిదానా అని. ఇల్లాలు నాలుగున్నరకు లేచి దేవుణ్ని తలుచుకునే ఇంట్లో కూతురు పదింటి దాకా పడుకుంటే లోకం ఏమనుకుంటుందని ఆమె బాధ. పైగా యాకమ్మ అంటే మామూలు మనిషా? చర్చిలో స్త్రీల మైత్రికి పెద్ద. వీధి చివర బెల్టు షాపు పెడితే పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని మూడు రోజులు దాని ముందు కూర్చుని మూయించింది. డోర్నకల్‌లో ఏ కూడిక జరిగినా తాగుడు మీద మాట్లాడాలంటే ఈమెనే పిలుస్తారు.

అందుకే మొన్న గురువారం జనగామలో ఆ అబద్ధం అంత సులువుగా నోటికి వచ్చింది.

నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకామె వారానికోసారి జనగామ వస్తుందని కల్యాణ్ ఎవరి ద్వారానో తెలుసుకున్నాడు. గనికి సెలవు పెట్టి, తల్లికి చెప్పకుండా వచ్చి, భార్యనూ అత్తనూ రైల్లో తీసుకుపోయాడు. డాక్టరమ్మ చాలాసేపు ఓపిగ్గా అడిగింది. ఎప్పుడు ఆకలేస్తుంది, ఎప్పుడు చలేస్తుంది, చిన్నప్పుడు ఎట్లా ఉండేది. అన్నీ రాసుకుని, చివరికి యాకమ్మ వైపు తిరిగి, ఏమనుకోవద్దు తల్లీ, ఈమె కడుపులో ఉన్నప్పుడు గానీ, పసిపిల్లగా ఉన్నప్పుడు గానీ కల్లు, సారా లాంటివి మీ ఇంట్లో, అంటూ మొదలుపెట్టింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ప్రశ్న పూర్తి కాకముందే యాకమ్మ అందుకుంది.

"మాది దేవుని ఇల్లు డాక్టరమ్మా. మా ఇంట్ల ఆ వాసన గూడ రాదు."

పక్కనే ఉన్న కల్యాణ్ మా అత్తమ్మ బెల్టు షాపు మూయించిన మనిషని గర్వంగా చెప్పాడు కూడా. డాక్టరమ్మ నవ్వి, కాగితం మీద ఏదో కొట్టేసింది. ఎందుకు అడిగిందో ఆ తర్వాత చెప్పింది. మనిషి తలలో ఒక గడియారం ఉంటుందట. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు తినాలి అని ఒంటికి చెప్పేది అదేనట. తల్లి కడుపులో, పుట్టాక మొదటి నెలల్లో అది కుదురుకుంటుందట. ఆ వయసులో మద్యం సోకితే ఆ గడియారం జీవితాంతం తప్పుగా తిరగవచ్చని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలిందట, అట్లాంటి పిల్లల్లో నిద్ర బాధలు ఎక్కువగానే చూస్తున్నారట. మీ ఇంట్లో అట్లాంటిది లేదంటున్నారు కాబట్టి అలవాటు వల్ల కూడా అయి ఉండవచ్చు, మళ్లీ రండి చూద్దాం అంది.

తిరుగు రైల్లో జ్యోత్స్న కిటికీలోంచి చూస్తూ, "డాక్టరమ్మ గూడ అలవాటే అన్నది గదమ్మా. తప్పు నాదే ఇగ," అంది. యాకమ్మ అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మానుకోట వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చుంది. ఆ వాసన కూడా రాదట. ఇరవై ఆరేళ్ల కిందట ఆమె చీరకు ఆ వాసన తప్ప వేరే వాసన ఉండేది కాదు.

పదకొండున్నరకు కల్యాణ్, అతని తల్లి వీరమ్మ ఆటో దిగారు. ముందు రోజు రాత్రి ఘనపూర్‌లో చుట్టాల ఇంట్లో ఉండి, పొద్దున్నే బయల్దేరి వచ్చారు. వీరమ్మది గట్టి గొంతు, మెత్తటి చేయి. మనిషి చెడ్డది కాదు. కోడలు నిద్రమొహందని ఊరంతా చెప్పిందీ ఆమే, ఆ కోడలు కాన్పయ్యిందంటే ఐదు కిలోల నెయ్యి మోసుకొచ్చిందీ ఆమే.

అప్పటికి జ్యోత్స్న లేచి స్నానానికి పోయింది. మంచినీళ్లయ్యాయి, టీలయ్యాయి. వీరమ్మ అటు తిరిగి ఇటు తిరిగి అసలు మాటకు వచ్చింది. కొడుకు ఈ నెల రెండుసార్లు షిఫ్టు తప్పాడట, పెళ్లాం ఉన్నప్పుడు వేళకు తిండి లేక పాడైన ఒళ్లు ఇంకా కుదుటపడలేదట. అక్కడికి పోతే పసిపిల్లతో ఈ పిల్ల ఇంకేం లేస్తుంది, మళ్లీ పొయ్యి ముందు పడుకుంటే ఈసారి ఇంట్లో చంటిది కూడా ఉంటుంది కదా అంది. అందులో అబద్ధమేమీ లేదు. అదే యాకమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"నేను గొడవకు రాలే వదినా. పొద్దున లేసుడు నేర్చుకునేదాక ఈడనే ఉండనియ్యి. లేస్తున్నదని నువ్వు ఫోన్ చెయ్యి, ఆ దినమే వచ్చి తోలుకపోత."

కల్యాణ్ తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి పెళ్లాం కావాలి, పిల్ల కావాలి, కానీ తల్లి మాటకు ఎదురు చెప్పడానికి చేతిలో డాక్టరు కాగితం ఒక్కటి కూడా లేదు. జనగామ నుంచి ఉత్త చేతులతో వచ్చిన విషయం అతనికీ తెలుసు, అత్తకూ తెలుసు. ఉత్త చేతులతో ఎందుకు రావాల్సి వచ్చిందో మాత్రం అత్తకే తెలుసు.

ఇంతలో లోపల పసిది ఏడుపు అందుకుంది. వీరమ్మ లేచి పోయి ఎత్తుకొచ్చి ఒళ్లో వేసుకుంది. రాత్రంతా ఇట్లనే ఏడుస్తదా అని అడిగింది. అవునంది యాకమ్మ. తల్లి పోలికే వచ్చిందంటూ వీరమ్మ తన సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసింది. అందులో తెల్లగా ఉంది.

"ఘనపూర్ల పొద్దుగాల చెట్టు దిగిన ఈత కల్లు. సల్లదనం. నాలికె మీద రెండు సుక్కలు పడితే మంచిగ పండుకుంటది, వేడి గూడ గుంజుతది."

అంటూనే పసిదాని కింద పరిచిన పాత చీర ముక్క అంచును పీలికగా చించి, వేళ్లతో మెలిపెట్టి, సీసాలో ముంచింది. ఏమీ పెద్ద పని కాదు అది. వీరమ్మ తల్లి చేసింది, ఆ తల్లి తల్లి చేసింది. మెలిపెట్టిన ఆ తడి పీలిక పసిదాని పెదాల దగ్గరకు పోతుంటే యాకమ్మకు ఇరవై ఆరేళ్ల కిందటి తన వేళ్లే కనిపించాయి.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. పీలిక లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. సీసా ఒరిగి చాప మీద కల్లు పారింది, పులిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

వీరమ్మ మొహం మాడిపోయింది. పసిదాన్ని కొడుకు చేతికిచ్చి, నిదానంగా, గొంతు పెంచకుండానే మాట్లాడింది. ఆమె గొంతు పెంచలేదంటే కోపం నిజమైనదని అర్థం.

"నువ్వు చర్చిల పెద్దదానివి, నీ పట్టింపు నీకుంటది, కాదన. కాని ఒక్క ముచ్చట చెప్పు వదినా. నా ముగ్గురు పిల్లలకు నేను పోసిన. ముగ్గురు నాలుగు గొట్టంగ లేస్తరు. మీ ఇంట్ల సుక్క ముట్టలేదని ఊరంత చెప్తవ్. మరి నీ పిల్ల గిట్లెందుకైంది?"

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అని పెద్దలు ఊరికే అనలేదు. యాకమ్మ అల్లుడి వైపు చూసింది. బెల్టు షాపు మూయించిన అత్తమ్మ ఇప్పుడు ఏం చెబుతుందా అని ఆ అబ్బాయి ఆమె వైపే చూస్తున్నాడు, నమ్మకంగా. ఆ నమ్మకాన్ని చూస్తే ఆమెకు భూమి చీలి అందులోకి పోతే బాగుండనిపించింది. అతని చేతుల్లో పసిది నోరు తెరిచి ఏడుస్తోంది.

"ముట్టినం వదినా," అంది యాకమ్మ. "నేనే తాగిన. నేనే పోసిన."

ఆమె చాప అంచున, కల్లు తడిలోనే కూర్చుండిపోయింది. ఒక్కసారి నోరు తెరిచాక ఆపడం ఆమె వల్ల కాలేదు. పసితనంలో సోకిన కల్లు పిల్ల నిద్రను చెడగొట్టి ఉండవచ్చని జనగామ డాక్టరమ్మ అన్న మాట కూడా వియ్యపురాలికి చెప్పేసింది. పెళ్లయిన కొత్తలో కేసముద్రం దిక్కు మిరప తోటల్లో కూలికి పోయేది. గుంపు మేస్త్రి పొద్దున్నే గట్టు మీద కల్లు కుండ దింపేవాడు, కూలిలో అదీ ఒక భాగమే. మిరప ఘాటుకు కళ్లు మండి, గొంతు మండి, అందరూ అదే తాగేవాళ్లు. కడుపుతో ఉన్నదానివి, నువ్వు ఇంకా తాగాలె, పిల్ల తెల్లగ పుడతదని ముసలమ్మలు ఆమెకు ఇంకో చెంబు పోసేవాళ్లు. ఆమె తాగేది. ఏడో నెల దాకా రోజూ తాగింది.

"పుట్టినంక ఐదో నెలల పత్తి ఏరబోయిన, మల్ల మిరపకే పోయిన. వేప చెట్టుకు చీర ఊయల కట్టి, పీలిక కల్లుల ముంచి నోట్ల పెట్టేది. పొద్దంత పండుకునేది. సాలు ఆఖరుకు పోయి వచ్చి చూస్తే గూడ లేసేది కాదు. మంచి పిల్ల, సతాయించదని అందరు మెచ్చుకునేది."

అబ్రహాం గోడ వైపు చూస్తూ, తనకూ తెలుసని, తనూ అప్పట్లో తాగేవాడినేనని, ఈ తప్పు ఒక్కదాని మీద వేయొద్దని మెల్లగా అన్నాడు. కానీ ఆ మాట యాకమ్మ చెవిన పడలేదు. ఆమె స్నానాల గది వైపు చూస్తోంది. తడి జుట్టుతో, తువ్వాలు చేత్తో పట్టుకుని, జ్యోత్స్న అక్కడ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఎవరూ చూసుకోలేదు.

"జనగామల డాక్టరమ్మ అడిగితే లేదన్నవ్ గద," అంది జ్యోత్స్న.

"అన్న."

"ఎందుకన్నవ్?"

"అల్లుడు పక్కన ఉండె బిడ్డా. సిగ్గైంది."

జ్యోత్స్న తల ఊపింది. లెక్క తేలిందన్నట్టు ఊపింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని యాకమ్మ ఎదురు చూసింది. అరిచినా బాగుండేది.

"నీకు సిగ్గైందని నన్ను సోమరిదాన్నే చేసి ఉంచినవ్," అంది జ్యోత్స్న. "పదో తరగతి లెక్కల పరీక్ష నాడు బిందెడు నీళ్లు గుమ్మరిచ్చినవ్, యాది ఉన్నదా? తడి బట్టలతోనే పోయి రాసిన. పొద్దంత వణుక్కుంట, నేనెందుకు గింత చెడ్డదాన్ని అని ఏడ్సిన. ఇన్నేండ్లు గదే అనుకున్న అమ్మా."

"అప్పుడు నాకు తెల్వది బిడ్డా. మొన్ననే తెలిసింది."

"మొన్న తెలిసింది గద. మరి రైల్ల తప్పు నాదే అంటే సప్పుడు చెయ్యకుండ కూసున్నవ్."

జ్యోత్స్న వచ్చి భర్త చేతుల్లోంచి పసిదాన్ని తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పద్నాలుగేళ్లు ఆ తలుపు బయటి నుంచి బాదిన యాకమ్మకు ఇప్పుడు దాన్ని ముట్టుకోవడానికి కూడా చేతులు రాలేదు.

వీరమ్మ లేచి, ఒరిగిన సీసాలో మిగిలిన కల్లును తీసుకుపోయి మోరీ కాలువలో పోసింది. సీసా కడిగి బోర్లించి వచ్చి యాకమ్మ పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పింది నాకు సగం నమ్మకం లేదు. నా పిల్లలు మంచిగనే ఉన్నరు గద. కాని ఏ ఆడమనిషి గూడ ఇంత బద్నాం మీదేసుకొని అబద్ధమాడదు," అంది.

కల్యాణ్ మాత్రం జనగామ డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగాడు. ఈ గురువారం రాదట, పై గురువారమన్నాడు అబ్రహాం. నాకు మళ్లీ సెలవు దొరకదు, ఆ రోజు మీరే తీసుకుపోండి అన్నాడు కల్యాణ్. పైకి లేచి చెప్పులు వేసుకుంటూ, మొదటి షిఫ్టు వద్దని రెండో షిఫ్టు అడిగి చూస్తానని, మధ్యాహ్నం పోతే పొద్దున డబ్బా గొడవే ఉండదని తల్లితో అన్నాడు. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదో దేవుడికే ఎరుక. సోమరితనానికి షిఫ్టు మార్చుకునే మొగుడు ఉండడు, జబ్బుకైతే ఉంటాడు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి లేదు. జ్యోత్స్న తల్లితో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, పసిదాన్ని అడిగితే ఇచ్చింది, అంతే. ఆదివారం చర్చి అయ్యాక స్త్రీల మైత్రి కూడికలో యాకమ్మ లేచి నిలబడింది. వాక్యం చదవబోతోందనుకుని అందరూ పుస్తకాలు తెరిచారు. ఆమె పుస్తకం తెరవలేదు. మిరప తోట నుంచి జనగామ దాకా జరిగింది జరిగినట్టు చెప్పి, ఈ పెద్దరికం ఇంకొకరికి ఇవ్వండని కూర్చుంది. ఎవరూ తల ఎత్తలేదు. బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒక ముసలావిడ వెనక నుంచి చేయి పట్టుకుని, నా ముగ్గురికి గూడ పీలికనే పెట్టిన బిడ్డా, ఎవలకు చెప్పలే అని చెవిలో అంది. మెట్ల మీద ఇంకో ఇద్దరు ఆగి, ఆ డాక్టరమ్మ ఎక్కడ కూర్చుంటుందని అడిగారు.

ఆ సంగతి కూతురికి అబ్రహాం చెప్పాడు. బుధవారం సాయంత్రం జ్యోత్స్న వంటింట్లోకి వచ్చి, రేపు రైలు ఎన్నింటికని తల్లినే అడిగింది.

గురువారం జ్యోత్స్న లేవాల్సిన పని లేకపోయింది, రాత్రంతా మేలుకునే ఉంది కాబట్టి. పసిదాన్ని తీసుకుని తల్లీకూతుళ్లిద్దరూ జనగామ చేరారు. డాక్టరమ్మ పాత కాగితం తీసింది. యాకమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, ఆ రోజు మీరు అడిగినదానికి అబద్ధం చెప్పిన డాక్టరమ్మా అంది. తాగిన, పోసిన అంది. ఎన్ని నెలలు, ఎంత అని డాక్టరమ్మ అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. తల వంచుకుని చెప్పింది గానీ ఏదీ దాచలేదు, దేన్నీ తగ్గించలేదు. ఆ రోజుల్లో అందరూ అట్లాగే చేసేవాళ్లని కూడా అనలేదు. డాక్టరమ్మ రాసుకుంటూ, పసిపిల్లకు అదెందుకు పెట్టాల్సి వచ్చిందని అడిగింది. ఏ కారణం చెప్పినా సాకులాగే ఉంటుందని యాకమ్మకు అనిపించింది.

అప్పుడు జ్యోత్స్న మాట్లాడింది. పది రోజుల్లో తల్లి గురించి ఆమె నోరు తెరవడం అదే మొదటిసారి.

"మా అమ్మ కూలికి పోయేది డాక్టరమ్మా. మా బాపు రైల్వే గ్యాంగుల ఎక్కడెక్కడనో ఉండేటోడు. నన్ను ఎత్తుకునేటోళ్లు ఎవ్వరు లేకుండిరి."

కూతురు యాకమ్మ వైపు చూడలేదు, డాక్టరమ్మ కాగితం వైపే చూస్తోంది. అయినా ఆ మూడు ముక్కలు చాలు. నీళ్లు పోసిన తల్లికి, బరిగె ఎత్తిన తల్లికి, రైల్లో నోరు మూసుకున్న తల్లికి, ఆ పిల్ల వకాల్తా పుచ్చుకుంది. అంతవరకు ఒక్క చుక్క కార్చని యాకమ్మ కళ్లు అక్కడ ధారగా కారాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

ఖచ్చితంగా ఇదే కారణమని ఏ డాక్టరూ చెప్పలేరని డాక్టరమ్మ అంది. కానీ ఇది బద్ధకం మాత్రం కాదని రెండుసార్లు చెప్పింది, రెండోసారి జ్యోత్స్న కళ్లలోకి చూసి చెప్పింది. లేవగానే పొద్దుటి ఎండలో అరగంట కూర్చోవాలి, లేచే వేళను రోజుకు కొంచెం కొంచెంగా ముందుకు జరపాలి, రాత్రి ఫోను పక్కన పెట్టాలి, పాలిచ్చే తల్లి కాబట్టి మందుల సంగతి తర్వాత చూద్దాం అని కాగితం రాసిచ్చింది. పూర్తిగా కుదురుతుందా అని జ్యోత్స్న అడిగింది. మునుపటి కంటే బాగుంటుంది, తిట్లు లేకపోతే ఇంకా బాగుంటుంది అంది డాక్టరమ్మ.

మధ్యాహ్నం బండిలో సీటు దొరికింది. కాజీపేట దాటేసరికి జ్యోత్స్న తల కిటికీ ఊచకు కొట్టుకోవడం మొదలైంది. యాకమ్మ పసిదాన్ని ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో కూతురి తలను తన భుజం మీదికి జరుపుకుంది. మెలకువలో ఉంటే ఆ పిల్ల జరగనిచ్చేదో లేదో. ఎండ మొహం మీద పడుతుంటే కొంగు అడ్డం పెట్టింది. ఇరవై ఆరేళ్లలో కూతురు నిద్రపోతుంటే యాకమ్మ ఊరికే కూర్చుని చూడటం ఇదే మొదటిసారి. నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమ్మలు విప్పుకుని, ఊయలలో పడుకున్నప్పటి మొహమే ఉంది. నెక్కొండ పోయింది, కేసముద్రం పోయింది. పట్టాల పక్కన మిరప కళ్లాలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి.

మానుకోట వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు సంచులు దించుకుంటున్నారు. యాకమ్మ చేయి అలవాటు కొద్దీ కూతురి భుజం మీదికి లేచింది, అక్కడే ఆగింది. కాసేపటికి బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్న అబ్రహాం కిటికీలోంచి కనిపించాడు, వెనక్కి పోయాడు. వెంటనే ఫోను మోగింది. గొంతు తగ్గించి ఎత్తింది.

"ఏందే, దిగలేదు? ఏడ పోతున్నరు?"

"డోర్నకల్ దాక పోతున్నం."

"డోర్నకల్ల ఏం పని?"

"ఏం పని లేదయ్యా. బిడ్డ పండుకున్నది," అంది యాకమ్మ. డాక్టరమ్మ చెప్పిన వేళలు రేపటి నుంచి అనుకుని, ఫోను పక్కన పెట్టి, జారిపోతున్న కొంగును మళ్లీ ఎండకు అడ్డంగా సర్దింది.